పద్నాలుగో గది

పాలమూరు పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రే గదికీ స్టోర్ రూముకీ నడుమ
ఒక బల్ల, రెండు కుర్చీలు, రెక్క వంగిన ఫ్యాను.
తలుపు మీద నా పేరు లేదు.
'శిక్షణలో ఉన్నవారు' అని ఎవరో చాక్‌పీసుతో రాశారు,
ఎవరి భుజమో తగిలి 'ణ' ఒక్కటి చెరిగిపోయింది.
చదువు వచ్చిన పేషెంట్లు
నన్ను జాలిగా చూసి లోపలికొస్తారు.

రెండేళ్ల కోర్సులో ఇది మూడో పోస్టింగు.
సంచిలో స్టాప్‌వాచీ, ఎరుపు తెలుపు ఘనాలు,
సిరా మరకల కార్డులు పది,
ఎక్కడో ఏసీ గదిలో తెలుగు చేసిన ప్రశ్నావళి.
మొదటి ప్రశ్న:
'గత రెండు వారాలుగా మీరు విచారగ్రస్తులై ఉన్నారా?'

మన్నెమ్మ మక్తల్ అవతలి నుంచి వచ్చింది.
విచారగ్రస్తులంటే ఎవలని అడిగింది.
మీరేనన్నాను.
'మేం ముదిరాజులం బిడ్డా' అంది.

గోలీ రాయవా? రాయను.
సూది? వెయ్యను.
'బస్సు ఫిరీ గాబట్టి సరిపాయె,
వట్టి ముచ్చటకు ఇంత దూరం ఎవలొస్తరు?'

నూరులోంచి ఏడు తీస్తూ పొమ్మన్నాను, వాచీ నొక్కి.
'ఇటుకలా?'
ఇటుకలే అనుకోమన్నాను.
'నూరిట్ల ఏడు పలిగినయి, తొంబైమూడు.
ఎనభయారు. డెబ్బైతొమ్మిది. డెబ్బైరెండు...'
నేను నలభైనాలుగు సరిచూసుకునేలోగా
ఆమె రెండు దగ్గర ఆగింది.
'ఈ రెండు మేస్త్రి తన లెక్కల రాసుకుంటడు.'

పుణెలో పద్దెనిమిదేండ్లు తట్ట మోసింది.
కాంక్రీటు మిల్లరు పక్కనే పడక,
రాత్రంతా అది తిరుగుతుంటే ఒళ్లెరగని నిద్ర.
ఇప్పుడు ఊరికి కాల్వ వచ్చింది,
ఎకరంన్నర పారుతోంది, సంచి సర్దుకుని వచ్చేసింది.
వచ్చినకాడికెల్లి కన్ను మూత పడదు.
'సప్పుడు లేదు గద బిడ్డా.
సప్పుడు లేకుంటే అన్నీ ఇనవడ్తయి.'

ఏం వినబడతాయని అడిగాను.
కొంగు దులుపుకుని
బస్సు టైమైందని లేచింది.

'వినికిడి భ్రమలు: పరిశీలించవలెను'
అని నేను రాసిన చోట
ఖుర్షీద్ మేడం ఎర్ర పెన్ను ఆగింది.
కొట్టెయ్యలేదు.
'రాత్రి ఒంటిగంటకు నీకేం వినబడదా?' అంది.
హాస్టల్ గది గుర్తొచ్చింది,
మా అన్న గుర్తొచ్చాడు,
కోర్సు ఫారంలో 'ఈ వృత్తిని ఎందుకు ఎంచుకున్నారు' దగ్గర
నేను రాసిన అబద్ధం గుర్తొచ్చింది.
మాట్లాడలేదు.
'ఇదిగో, ఇప్పుడు చేస్తున్నావే,
ఆమెను కూడా చెయ్యనియ్యి.'

నాలుగో బేస్తారం
పచ్చి పల్లికాయ కొంగున కట్టుకొచ్చి బల్ల మీద పోసింది.
ఘనాల పక్కన పల్లికాయ, దాని మట్టి.
'గోలీకి పోయేది గాదిది. రంది' అంది.
ఇరవయ్యొక్క ప్రశ్నల్లో ఎక్కడా లేదు ఆ మాట.
మా అమ్మమ్మ నోట్లో ఉండేది,
ఆమెతోనే పోయిందనుకున్నాను.
పెన్సిలుతో 'విచారగ్రస్తులు' కొట్టేసి
పైన రాసుకున్నాను: రంది వడ్తున్నవా?

'మా చిన్నోడు తొమ్మిదో అంతస్తుల...'

అంతే.
ఫ్యాను రెక్క కొట్టుకుంటోంది.
పక్క గదిలో ఎవరినో ఊపిరి బిగబట్టమన్నారు.
నేనూ బిగబట్టాను.
కాసేపటికి వదలమన్నారు.
ఆమె వదల్లేదు.
నా నాలుక చివర నాలుగు ప్రశ్నలున్నాయి,
నాలుగూ పుస్తకంలోవే,
ఒక్కో పల్లికాయా ఒలుస్తూ వాటిని మింగాను.

వాచీ నొక్కలేదు.
అందుకే ఆ రోజు లాగ్‌బుక్కులో
నిమిషాల గడి ఖాళీ.
మేడం సంతకం మాత్రం ఉంది.

పోతూ పోతూ గుమ్మంలో ఆగి అడిగింది:
'ఆ మిల్లరు సప్పుడు ఫోన్ల దొరుకుతదేమో సూస్తవా బిడ్డా?'
హాస్టల్లో వెతికాను.
దొరికింది, పది గంటల పొడవున.
ఒంటిగంట దాటేదాకా
నేనే విన్నాను.